గ్లూకోజ్ డబ్బాకు తాళం

మా హెచ్ఎం గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. సర్వీసు రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, ట్యాబులు అన్నీ అందులోనే. పై అరలో ఒక మూలన ఆకుపచ్చ మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో గ్లూకోజ్ పొడి ప్యాకెట్టు, ఒక స్పూను, ఫోన్ నంబరు రాసిన చీటీ. ఏడో తరగతిలో ఒక పాపకు టైప్ వన్ షుగర్. వాళ్లమ్మ బడికి వచ్చి, షుగర్ పడిపోతే తాగించమని ఆ డబ్బా ఇచ్చిపోయింది. ఎక్కడ పెడదామని స్టాఫ్ మీటింగులో మాట వచ్చినప్పుడు, పిల్లల చేతికి అందకుండా బీరువాలో పెట్టి తాళం వేద్దామని అందరం అనుకున్నాం. నేనూ సరేనన్నాను. అదే జాగ్రత్త అని నిజంగానే నమ్మాను.

అది ఎంత తప్పో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. షుగర్ ఉన్న పిల్లలకు కావలసింది వాళ్ల చేతికి అందేచోట ఉండాలి. బీరువాలో కాదు, ఆఫీసు గదిలో కాదు, ఎవరి జేబులోనో కాదు. ఇంత చిన్న మాట నాకు ఆలస్యంగా అర్థమైంది.

అనంతపురం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూలు అది. నేను లెక్కలు చెప్తాను. ఆ రోజు పైనుంచి అధికారులు వస్తారని పొద్దున్నుంచి హడావుడి. రోజూ పన్నెండు దాటగానే అన్నం గంట కొట్టేవాళ్లం. ఆ రోజు వాళ్లు వచ్చి చూసేదాకా వడ్డించొద్దన్నారు. పిల్లలు ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని వరండాలో వరుసగా కూర్చున్నారు. అధికారులు వచ్చారు, తరగతులు చూశారు, పక్క ఊరి ఎలిమెంటరీ బడి కూడా చూస్తామని హెచ్ఎం సారును జీపులో ఎక్కించుకుని పోయారు. అప్పటికి ఒంటి గంట కావస్తోంది.

పాప పక్కన కూర్చునే పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, ఇది ఏందేందో మాట్లాడతాంది, రాండి మేడమ్."

పోయి చూస్తే పాప స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. చలికాలం, నీడపట్టు. అయినా పైపెదవి మీద చెమట చుక్కలు. ప్లేటు పట్టుకున్న చేతులు వణికి, ప్లేటు నేలకు తగిలి టకటక శబ్దం చేస్తోంది. నా వైపే చూస్తోంది గానీ చూపు నా మీద లేదు. లేపబోతే "నన్ను ముట్టుకోవద్దు పో" అని విదిలించుకుంది. ఎప్పుడూ నోరు తెరిచి ఎదురు మాట్లాడని పిల్ల. హెచ్ఎం గదికి పరుగెత్తాను. బీరువాకు తాళం. తాళాలు సారు జేబులో, సారు జీపులో.

ఆ రోజు పాపను కాపాడింది వంట చేసే అక్క. అధికారులకు టీ పెడదామని తెచ్చిన చక్కెర పొట్లం విప్పి, గ్లాసులో మూడు స్పూన్లు వేసి, నీళ్లు పోసి కలిపి, పాప గడ్డం పట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. ఆమెకు టైప్ వన్ అంటే ఏమిటో తెలియదు. "మా అమ్మకు కూడా ఇట్లనే అయితాది మేడమ్, షుగర్ బిళ్ల మింగి అన్నం లేటుగా తింటే" అంది. పది పన్నెండు నిమిషాలకు పాప కళ్లు నిలిచాయి. చుట్టూ చూసి, నన్ను చూసి, "మేడమ్, నేను మిమ్మల్ని ఏమన్నా అన్నానా?" అని అడిగింది.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. నాలుగు మాటలు పడాల్సి వస్తుందని భయపడ్డాను. ఆమె ఒక్క మాటే అడిగింది. "ఆ డబ్బా పాప బ్యాగులోనే ఉండనిచ్చింటే బాగుండేది గదా మేడమ్?"

రాత్రి ఇంట్లో నోటుపుస్తకాలు దిద్దుతుంటే ఆ పిల్ల పుస్తకం వచ్చింది. అన్నం గంటకు ముందు పీరియడ్ నాదే. మొదటి మూడు లెక్కలు ముత్యాల్లా ఉన్నాయి. నాలుగో లెక్క నుంచి అంకెలు గీత దిగి కిందికి జారుతున్నాయి. ఏడు ఎనిమిదులు 54 అని రాసింది. ఐదో లెక్కలో సగం చేసి ఆపేసింది. తరగతిలో తిరుగుతూ నేనే దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, "శ్రద్ధ పెట్టు" అని రాసి ఉన్నాను. అప్పటికే పాపకు షుగర్ పడిపోతోంది. నా కళ్ల ముందు, నా పీరియడ్‌లో, నా సబ్జెక్టులో. ఆ పేజీ ఫోటో తీసి ఇప్పటికీ ఫోన్‌లో ఉంచుకున్నాను.

తగ్గితే నిమిషాలు, పెరిగితే గంటలు

మన ఇళ్లలో షుగర్ అనగానే గుర్తొచ్చేది పెద్దవాళ్ల షుగర్. తీపి మానేయాలి, అన్నం తగ్గించి రాగి సంగటి తినాలి, నడవాలి. అందుకే బడిలో ఎవరైనా "ఆ పిల్లకు షుగర్" అంటే టీచర్లకు మొదట తట్టేది తీపి పెట్టకూడదనే. నాకూ అంతే. మధ్యాహ్నం చిక్కీ ఇచ్చేటప్పుడు పాపను దాటేసి పక్క పిల్లకు ఇచ్చిన రోజులున్నాయి. ఆ పిల్ల చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకునేది.

టైప్ వన్ ఉన్న పిల్లల సంగతి వేరు. వీళ్లలో, రక్తంలోని షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారు చేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేస్తుంది. తల్లిదండ్రులు తీపి పెట్టి పాడుచేసింది ఏమీ లేదు. ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాల్సిందే, ఒక్క రోజు కూడా మానడానికి లేదు. 1922లో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చింది 14 ఏళ్ల అబ్బాయికి. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని నెలలో, మహా అయితే ఒకటి రెండేళ్లో బతికేవాళ్లు. వీళ్లను బడిలో ఎట్లా చూసుకోవాలనే ప్రశ్న పుట్టిందే ఆ సూది వచ్చాక.

మా పాపకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు రకాలు కలిపిన ఇన్సులిన్. అందులో ఒక భాగం వెంటనే పనిచేస్తుంది, రెండోది నాలుగైదు గంటల తర్వాత ఊపందుకుంటుంది. అంటే ఏడున్నరకు సూది వేసుకుని ఉగ్గాణి తిని వచ్చిన పిల్లకు పన్నెండు గంటల వేళకు ఒంట్లో మందు గట్టిగా పనిచేస్తూ ఉంటుంది. ఆ వేళకు కడుపులో అన్నం పడాలి. మిగతా పిల్లలకు అన్నం గంట సేపు ఆలస్యమైతే ఆకలి వేస్తుంది. ఈ పిల్లకు స్పృహ తప్పవచ్చు. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మర్నాడు వాళ్లమ్మను కూర్చోబెట్టి అడిగితే, ఆస్పత్రిలో ఇచ్చిన పుస్తకం చూపించి మొత్తం వివరించింది. ఆమె చదివింది ఐదో తరగతి.

రక్తం చుక్కతో షుగర్ చూసే మీటరులో 70 కంటే తక్కువ వస్తే వెంటనే తీపి ఇవ్వాలి. మీటరు చేతిలో లేకపోయినా, చెమట, వణుకు, అకారణంగా కోపం, మత్తు, మాట తడబాటు కనిపిస్తే ఇచ్చేయాలి. మూడు స్పూన్ల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. తేరుకున్నాక అన్నమో, చిక్కీనో పెట్టాలి. ముందే చిక్కీ పెడితే లాభం లేదు. చెనిక్కాయల్లోని నూనె వల్ల బెల్లం రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. చాక్లెట్ కూడా అంతే. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్ బాగా పడిపోతే ఫిట్స్ కూడా వస్తాయి. మన ఊళ్లలో ఫిట్స్ అనగానే చేతిలో తాళం చెవులు పెడతారు. దానివల్ల ఏమీ ఒరగదు.

అది తక్కువా ఎక్కువా తెలియని సందేహం వస్తే? అప్పుడు కూడా తీపే ఇవ్వాలి. పెరిగి ఉన్న షుగర్ ఒక గ్లాసు నీళ్ల వల్ల ఇంకాస్త పెరిగినా, దాన్ని సరిచేసుకోవడానికి గంటల వ్యవధి ఉంటుంది. పడిపోతున్న షుగర్‌కు నిమిషాలే. బీరువా తాళం మీద నా వాదనంతా ఇక్కడే ఉంది. నిమిషాల్లో కావలసిన వస్తువును, గంటలు పట్టే మనిషి జేబుకు ముడిపెట్టకూడదు.

బ్యాగులో సూది ఉంటే ఎట్లా?

ఆ సంఘటన తర్వాత మళ్లీ స్టాఫ్ మీటింగు పెట్టుకున్నాం. సైన్సు సారు ఒక మాట అన్నారు. "గ్లూకోజ్ అంటే సరే మేడమ్. రేపు ఇంకో పిల్లోడు వస్తాడు, వానికి మధ్యాహ్నం కూడా సూది వేసుకోవాల. బ్యాగులో సూదులు పెట్టుకుని తిరుగుతాంటే, ఇంకోడు తీసి ఎవరికన్నా గుచ్చితే?"

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. ఎనభై మంది కూర్చునే గదుల్లో పనిచేశాను, కంపాసుతో వీపున గుచ్చిన కేసులు చూశాను. కానీ ఒకటి ఆలోచించండి. కంపాసులు తేవద్దని మనం ఎప్పుడూ అనలేదు. ఎట్లా వాడాలో చెప్పాం, తప్పు చేస్తే మందలించాం. సూదికీ గట్టి మూత ఉన్న పెట్టె ఉంటుంది. వాడిన సూది, రక్తం చూసే లాన్సెట్ మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి ఇంటికి తీసుకుపోతారు. ఏడెనిమిదేళ్ల పిల్లలకైతే ఇన్సులిన్ పెద్దవాళ్ల దగ్గర ఉంచడమే మేలని నేనూ ఒప్పుకుంటాను. పన్నెండు దాటి, సొంతంగా వేసుకుంటున్న పిల్లల దగ్గర లాక్కోవడం వేరే సంగతి.

లాక్కోకపోయినా, చాటుగా వేసుకోమంటేనే ఏమవుతుందో మా అక్క కొడుకును చూసి తెలుసుకున్నాను. కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది చదివేవాడు. వాడికి రోజుకు నాలుగు సూదులు. తరగతిలో వేసుకుంటే మిగతా పిల్లలు భయపడతారని స్కూలు వాళ్లు చెప్పడంతో బాత్రూంలో వేసుకునేవాడు. తలుపుకు గడియ లేదు. ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి, ఇన్సులిన్ పెన్ను మూత నోట్లో పట్టుకుని, చొక్కా పైకెత్తి పొట్టలో వేసుకునేవాడినని చాలా రోజుల తర్వాత మాకు చెప్పాడు. అన్నం తినబోయే ముందు, ఆ వాసనలో. కొన్ని రోజులు ఆ బాధ పడలేక మధ్యాహ్నం సూది మానేశాడు, సూది మానేస్తే అన్నం కూడా మానేశాడు. మార్కులు తగ్గాయని మేమంతా వాణ్ని తిట్టాం. ఇంటర్‌కు హాస్టల్ ఉన్న కాలేజీకి పోతే, "ఇట్లాంటి కేసులు తీసుకోం" అన్నారు. అక్క రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది.

ఇంకో అభ్యంతరం కూడా వచ్చింది. గ్లూకోజ్ డబ్బా పాప దగ్గరే పెడితే మిగతా పిల్లలు తినేస్తారని. తిన్నారు కూడా! పది రోజుల్లో డబ్బా సగానికి వచ్చింది. స్నేహితులు అడిగితే కాదనలేక పాపే పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ పూట నా వాదన మీద నాకే అనుమానం వచ్చింది. చివరికి డబ్బాలు రెండు చేశాం. ఒకటి పాప బ్యాగులో, ఇంకోటి ఏడో తరగతి గదిలో టీచరు టేబుల్ డ్రాయర్లో, తాళం లేకుండా. అవి ఎందుకున్నాయో పిల్లలకు చెప్పాక వాటి జోలికి ఎవరూ పోలేదు. చెప్పకముందు అది వాళ్లకు తీపి పొడి, అంతే.

ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పాలి

ఈ చెప్పడంలో మొదట నేను పెద్ద తప్పు చేశాను. సంఘటన జరిగిన మర్నాడే తరగతిలో నిలబడి, పాపకు ఫలానా జబ్బు ఉంది, అందరూ చూసుకోవాలి అని ప్రకటించేశాను. పాపను అడగలేదు. వాళ్లమ్మను అడగలేదు. వారం తిరిగేసరికి "షుగర్ పాప" అని పేరు పడింది. ఒక పిల్ల దాని నీళ్ల సీసాలో తాగొద్దని వాళ్ల జేజి చెప్పిందట, అంటుకుంటుందని. వాళ్లమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లలో నీళ్లు. "ఆడపిల్ల మేడమ్. మా ఊర్లో ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు. రేప్పొద్దున పెండ్లి సంబంధాలు వచ్చేటప్పుడు ఇదే మాట ముందుకొస్తాది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మన సమాజంలో ఆ భయం నిజమే. దాచిపెట్టమని అడిగే హక్కు ఆ తల్లికి ఉంది. అయితే ఆ రోజు స్తంభం దగ్గర పాపకు తేడాగా ఉందని కనిపెట్టింది టీచరు కాదు, పక్కన కూర్చునే పిల్ల. ఆ పిల్లకు ఏమీ తెలియకుండా ఉంటే ఆకలికి నీరసం అనుకుని ఊరుకునేది. అందుకే నేను తేల్చుకున్నది ఇది: బడి అంతటికీ చాటనక్కర్లేదు. ఆ తరగతి టీచర్లకు, పీఈటీకి, వంట చేసేవాళ్లకు, పాప తనంతట తాను ఎంచుకున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులకు తప్పకుండా తెలియాలి. మిగతావాళ్లకు చెప్పాలా వద్దా అన్నది పాప ఇష్టం.

రెండు నెలల తర్వాత పాపే ఒక రోజు "మేడమ్, నేను మీటరు చూపిస్తా" అంది. టేబుల్ దగ్గర నిలబడి, చేతులు కడుక్కుని తుడుచుకుని, వేలి కొసన పక్కకు గుచ్చి, ఒక్క చుక్క పట్టీకి తాకించింది. ఐదు సెకన్లు గదిలో ఊపిరి శబ్దం లేదు. 143. "ఇప్పుడు బాగుంది, ఆడుకోవచ్చు" అంది. నాకూ చూడు, నాకూ చూడు అని అందరూ వేళ్లు చాపారు. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చకూడదు అని పాపే గట్టిగా చెప్పి డబ్బా మూసేసింది. ఆ తర్వాత "షుగర్ పాప" అనే మాట వినలేదని చెప్పను, తగ్గింది.

బాత్రూం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. షుగర్ పెరిగిన రోజు ఈ పిల్లలకు దాహం ఎక్కువ, ఒంటికి ఎక్కువ సార్లు పోవాలి. "ఇప్పుడే కదా పోయొచ్చావు" అని కూర్చోబెట్టడం మన అలవాటు. పోనివ్వాలి. తల తిరుగుతోందంటే మాత్రం ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు, స్టాఫ్ రూముకు కూడా. దారిలోనే పడిపోవచ్చు. మీటరు గానీ గ్లూకోజ్ గానీ పిల్ల ఉన్న చోటికే రావాలి.

కాగితాలు ఉన్నాయి

రూల్స్ లేవని కాదు. 2017లోనే సీబీఎస్ఈ టైప్ వన్ షుగర్ ఉన్న పిల్లలు బోర్డు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పండ్లు, చిరుతిండి, నీళ్ల సీసా తెచ్చుకోవచ్చని చెప్పింది. 2022లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) టైప్ వన్ షుగర్‌కు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. షుగర్ చూసుకోవడానికి, సూది వేసుకోవడానికి, మధ్యలో తినడానికి బడిలో పిల్లలను అనుమతించాలని. ఇంగ్లండ్‌లోనైతే 2014 చట్టం ప్రకారం ఇది బడి బాధ్యతే. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో టైప్ వన్ షుగర్ లేదు కాబట్టి, హాస్టల్ వాళ్లు "తీసుకోం" అంటే పట్టుకుని అడగడానికి మా అక్కకు సరైన ఆధారం దొరకలేదు.

టీచర్ల మీద ఇంకో భారమా అని తోటివాళ్లు అడుగుతారు. పొద్దున లేస్తే హాజరు యాప్, భోజనం ఫోటోలు. ఆ అలసట నాకు తెలుసు, నేనూ అదే పనిలో ఉన్నాను. టీచరు సూది వేయాలని, డోసు నిర్ణయించాలని నేను అనడం లేదు. డోసు డాక్టరు, ఇంటివాళ్ల పని. మన పని అన్నం వేళ తప్పకుండా చూడడం, గుర్తుపట్టడం, చక్కెర నీళ్లు ఇవ్వడం. ఇది తెలుసుకోవడానికి ఒక అరగంట చాలు. మాకు వంట అక్క అరనిమిషంలో చేసి చూపించింది.

వేళలు మారినప్పుడు మాత్రం మనమే ముందుగా ఇంటికి చెప్పాలి. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే పిల్ల ఏడున్నరకే బయల్దేరాలి, అన్నం పన్నెండున్నరకు. సూది, టిఫిన్ అన్నీ బయల్దేరకముందే జరగాలి. ఆ ఎండల్లో ఇన్సులిన్ సంగతి ఇంకో దిగులు. మా వైపు ఏప్రిల్‌లో 42 డిగ్రీలు మామూలే. కిటికీ పక్కన ఎండలో బ్యాగు పెడితే మందు బలం పోతుంది, పోయిందని చూస్తే తెలియదు కూడా. అక్క కొడుకు కోసం ఇంట్లో చిన్న మట్టి కుండలో నీళ్లు పోసి, లోపల డబ్బాలో ఇన్సులిన్ పెట్టేవాళ్లం. బడిలో నీళ్ల కుండ పక్కన ఆ పాటి చోటు ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఇదంతా ఒక కాగితం మీద రాసి, వాళ్లమ్మ చేత సంతకం పెట్టించి, తరగతి హాజరు పట్టీ అట్ట లోపల అతికించాను. ఏ టీచరు పట్టీ తెరిచినా కనపడేటట్టు. నేనున్నన్నాళ్లూ బాగానే నడిచింది. పోయిన వేసవిలో నాకు గుత్తి వైపు బదిలీ అయింది.

పోయిన శనివారం పాప ఫోన్ చేసింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి.

"మేడమ్, కొత్త సారు డ్రాయరుకు తాళం వేసుకుంటాడు. ఫోను, బండి తాళాలు అండ్లోనే పెడతాడు."

"రెండో డబ్బా ఎక్కడ పెట్టినావు మరి?"

"కిటికీలో పెట్టినా. చీమలు పడతాండాయి మేడమ్."

ఆయన నంబరు కనుక్కుని మాట్లాడాను. మంచివారే. "నాకు ఎవరూ చెప్పలేదు మేడమ్" అన్నారు. నిజమే, కొత్త సంవత్సరానికి కొత్త పట్టీ వచ్చింది, కాగితం పాత పట్టీలోనే ఉండిపోయింది. మళ్లీ రాసి పంపాను. ఆయన ప్రింటు తీసి అతికించి, ఫోటో పంపారు. డ్రాయరు సంగతి ఏమైందని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. రేపు మధ్యాహ్నం, వాళ్ల అన్నం గంట కొట్టకముందే ఫోన్ చేస్తాను.